పులి లేని సాక్ష్యం

గోదావరి సాక్షిగా, ఇన్నేళ్ళు నాకు అన్నం పెట్టిన జీపు స్టీరింగు మీద చెయ్యేసి చెబుతున్నాను. ఇక్కడ రాయబోయేదాంట్లో ఒక్క అక్షరం కూడా కల్పితం కాదు. భద్రాచలం నుంచి చర్ల దాకా నన్నెరిగినవాళ్ళు ఈ మాట చదివి నవ్వుతారని నాకు తెలుసు. నవ్వనివ్వండి. వాళ్ళకు చెప్పిన కథలు వేరు. నా జీపు వెనక చక్రం ఊడిపోయి, దొర్లుకుంటూ మాకంటే ముందే చర్ల బస్టాండుకు చేరి, మేం వచ్చేదాకా నీడపట్టున నిలబడిందని చెప్పింది నేనే. ఎండాకాలం ఒక ఎలుగుబంటి రోడ్డు మధ్యకొచ్చి చెయ్యెత్తిందని, పాపమని ఎక్కించుకుంటే ముందు సీటే కావాలని పేచీ పెట్టిందని చెప్పిందీ నేనే. గుంతల రోడ్డు మీద జనాన్ని కుక్కి కుక్కి తీసుకుపోయేవాడు వాళ్ళ నడుముల నొప్పి మరిపించడానికి ఏదో ఒకటి చెప్పాలి కదా. దాన్ని అబద్ధమనరు. కిరాయిలో కలిసొచ్చే సౌకర్యమంటారు.

ఇది మాత్రం మా ఇంట్లో జరిగిన సంగతి. నా భార్య బాప్తిస్మం తీసుకున్న సంగతి.

నాది తల్లాడ వైపు. పొలం పని నాకు పడలేదు, నేనంటే పొలానికీ పడలేదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో పాత జీపొకటి పట్టుకుని భద్రాచలం వచ్చి, చర్ల రూటులో తిప్పడం మొదలుపెట్టాను. ఆ రూటులోనే ఆమె ఎక్కేది, వాళ్ళమ్మతో కలిసి, ఒళ్ళో చింతపండు మూట పెట్టుకుని. చర్ల దాటి అడవి లోపలికి పోతే ఉన్న ఒక కోయ గూడెం వాళ్ళది. నా కథలకు జీపంతా నవ్వేది, వెనక సీటు చివర కూర్చున్న ఆ పిల్ల తప్ప. నాకది పట్టుదలయ్యింది. ఎలుగుబంటిని ఎక్కించాను, నవ్వలేదు. చక్రాన్ని దొర్లించాను, నవ్వలేదు. చివరికి ఒక వానాకాలం జీపు నిజంగానే బురదలో దిగబడి, తొయ్యబోయి నేను బోర్లాపడి లేచినప్పుడు నవ్వింది. ఆ నవ్వు చూసి పెళ్ళి చేసుకున్నాను. మా వాళ్ళు కొన్నాళ్ళు అలిగారు. వాళ్ళ వాళ్ళు అలగలేదు గానీ, పెళ్ళినాడు వాళ్ళమ్మ నన్ను పక్కకు పిలిచి ఒక్క మాట అడిగింది.

"నువ్వు గింత మాట్లాడుతవ్ గదా, నా బిడ్డ ఎప్పుడు మాట్లాడాలె?"

నేను తమాషా అనుకుని నవ్వేశాను.

ఆమె మాట్లాడకపోవడానికి కారణం ఉంది. వాళ్ళ ఊళ్ళో ఆ రోజుల్లో పగలు యూనిఫారం వాళ్ళు వచ్చి అడిగేవారు: ఎవరొచ్చారు, ఎటు పోయారు, అన్నం ఎవరు వండారు. వాళ్ళు పోయాక అడవి లోపలి వాళ్ళు వచ్చి అడిగేవారు: ఏమడిగారు, మీరేం చెప్పారు. ఇటు చెప్పినా తిప్పలే, అటు చెప్పినా తిప్పలే. అందుకని ఆ ఊళ్ళో తల్లులు పిల్లలకు నడక నేర్పినట్టే ఒక మాట నేర్పేవారు. అది "తెల్వదు". ఇంట్లో కోయ మాట్లాడుకునే పిల్లకు తెలుగులో వచ్చిన మొట్టమొదటి మాట అదే. తెలుగులో ఎవరేమడిగినా దానికి జవాబూ అదే.

కాపురానికి వచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. చేతిలో ఉప్పు డబ్బా పట్టుకుని ఉండగా పక్కింటి సాయిబుగారి భార్య "ఉప్పుందా బేటీ?" అని అడిగితే "తెల్వదు" అనేది. దవాఖానాలో డాక్టరమ్మ "ఎక్కడమ్మా నొప్పి?" అంటే "తెల్వదు." అప్పుడు నేను అందుకునేవాణ్ణి. నొప్పి ఎక్కడ పుట్టింది, ఏ దారిన పోయింది, ఎక్కడ ఆగి ఊపిరి పీల్చుకుని మళ్ళీ బయల్దేరింది, అన్నీ చెప్పేవాణ్ణి. ఒకసారి డాక్టరమ్మ అంతా విని, సూది తీసుకుని నా చొక్కా చెయ్యి పైకి మడవబోయింది. ఈ సంగతి కూడా నిజమే, అప్పుడు పక్కనే ఉన్న నర్సమ్మను అడగండి.

అలా ఆమెకు నోరు నేనయ్యాను. మార్కెట్లో నేనే, స్కూల్లో మా పాపను చేర్చినప్పుడు నేనే, చుట్టాల దగ్గర నేనే. ఆమె తల ఊపేది, నేను మాట్లాడేవాణ్ణి. మంచి భర్తంటే ఇలాగే ఉంటాడని నాకొక గర్వం కూడా ఉండేది.

మేం కిరాయికున్న ఇంటి వెనక సందులో ఒక రేకుల షెడ్డు చర్చి ఉండేది. ఆదివారం పొద్దున డోలక్ మోగేది. చుట్టుపక్కల గూడేల నుంచి ఆడవాళ్ళు వచ్చేవారు, తెలుగు పాటలతో పాటు కోయ పాటలూ వినబడేవి. మా ఆమె మొదట గోడకు ఇవతల నిలబడి వినేది. తర్వాత గుమ్మం దగ్గర కూర్చునేది. ఒకనాడు చూస్తే లోపల చాప మీద ఉంది.

"ఏందే, గాడికి రోజూ పోతున్నవ్?" అన్నాను.

"రోజూ కాదు, ఆదివారం."

"గదే, ఎందుకు పోతున్నవ్?"

 తెల్వదు అంటుందనుకున్నాను. అనలేదు.

"ఆడ ఎవ్వరు నన్నేం అడగరు. పోతె కూసోమంటరు. గంతే."

నాకేం అభ్యంతరం? రాములవారి ఊళ్ళో ఉంటూ, వచ్చే పోయే భక్తులను ఎక్కించుకుని బతికేవాణ్ణి. మా ఇంట్లో గోడకు మా అమ్మ ఇచ్చిన పటాలున్నాయి, వాటికి దండం పెట్టేది నేనే. నేను గోడ దగ్గర దండం పెట్టేవాణ్ణి, ఆమె పొయ్యి దగ్గర కళ్ళు మూసుకునేది. అన్నం మాత్రం ఇద్దరం ఒకే కుండలోది తినేవాళ్ళం. ఇలా కొంతకాలం గడిచాక, ఒక సాయంత్రం నేను జీపు కడుగుతుంటే వచ్చి పక్కన నిలబడింది.

"నేను బాప్తిస్మం తీసుకుంట."

చేతిలో బకెట్టు కింద పెట్టాను. "పోతున్నవ్, పాడుతున్నవ్. గది చాలదా?"

"చాలదు."

"నీళ్ళల్ల మునిగితె ఏమొస్తదే?"

"ఏమొస్తదో నాకు ఎరుకలేదు గని, ఎవరికి వాళ్ళే దిగాల్నట. ఒకరి బదులు ఇంకొకరు దిగరాదట." ఆగి, నా మొహం చూసి అంది. "నాకు గదే నచ్చింది."

ఆ మాట నాకు తగలాల్సిన చోట తగలలేదు అప్పుడు. సరే పో అన్నాను.

మరుసటి ఆదివారం చర్చి నుంచి వచ్చి, తలుపు గడియపెట్టి, బియ్యం డ్రమ్ము పక్కన ముడుచుకుని కూర్చుంది.  ఏమైందంటే చెప్పదు. మంచినీళ్ళిచ్చి, బతిమాలి అడిగితే చివరికి చెప్పింది.

"నన్ను సాక్ష్యం చెప్పుమంటున్నరు."

"ఎవరు?"

"పాస్టరయ్య. బాప్తిస్మం కంటె ముందు అందరి ముంగట సాక్ష్యం చెప్పాల్నట." నా చెయ్యి పట్టుకుంది. "నేనేం చూడలే. నిజంగ చెప్తున్న, నేనేం చూడలే, ఏం వినలే. వాళ్ళకెవరు చెప్పిన్రు నా పేరు?"

నాకు నవ్వొచ్చింది. ఆ మొహం చూసి ఆపుకున్నాను. చర్చిలో సాక్ష్యమంటే దేవుడు తనకేం చేశాడో నలుగురి ముందు చెప్పుకోవడమని జీపులో ఎక్కే వాళ్ళ వల్ల నాకు తెలుసు. ఆమె పుట్టిన ఊళ్ళో ఆ మాటకు ఒకటే అర్థం. ఎవరైనా సాక్ష్యం చెప్పాడంటే వాడింక ఊళ్ళో నిద్రపోలేడని. ఎవరూ ఏమీ అడగరని పోయిన చోటే ఆ మాట అడిగారు.

నేను పాస్టరుగారి దగ్గరికి పోయాను. ఆయనది ఎర్రుపాలెం వైపు, మెత్తగా మాట్లాడే మనిషి. షెడ్డు ముందు బంతిమొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. సంగతంతా చెప్పాను. చెంబు చేతిలోనే ఉంది, నీళ్ళు పోయడం మర్చిపోయాడు.

"అయ్యో, అలా అనుకుందా అమ్మాయి! నాకు తట్టలేదండీ. మా ఊరి వైపు ఆ మాటకు భయపడేవాళ్ళను నేను చూడలేదు."

"ఆమెకు మాట రాదు అయ్యగారూ. ఆమె బదులు నేను చెప్త. మంచిగ చెప్త."

ఆయన నవ్వాడు. "మీరు చెబితే సంఘమంతా చప్పట్లు కొడుతుంది బ్రదర్, ఒక్కడూ నమ్మడు. అయినా ఇది ఒకరి బదులు ఒకరు చెప్పేది కాదండీ."

"చెప్పకుంటె?"

"చెప్పకపోతే పాపమేం లేదు. మా సంఘంలో పెద్దలు పెట్టుకున్న ఆనవాయితీ ఇది, నోటితో ఒప్పుకుని నీళ్ళలో దిగాలని. ఈసారి కాకపోతే వచ్చే ఏడు, వానలు పోయాక వాగు తేటపడ్డప్పుడు. తొందరేముందండీ?"

ఇంటికి వచ్చి ఇదే చెప్పాను, తొందరేముందే అని. ఆమె పొయ్యిలో కట్టె తోస్తూ వెనక్కి తిరక్కుండానే అంది.

"వచ్చే ఏడు గూడ నాకు నోరు రాదు. అటెన్క ఏడు గూడ రాదు. ఇప్పుడు రాకుంటె ఇగ రాదు."

ఆమె ఏదైనా కావాలని అడగడం నేనెరగను. చీర అడగలేదు, కమ్మలు అడగలేదు. ఇదొక్కటి అడుగుతోంది. అది ఆమె నోట్లోంచే రావాలి, ఆ నోరే రాదు. నాకు చేతనైన సాయం ఒకటే ఉంది. కథలల్లడం. కూర్చుని ఆమెకు ఒక సాక్ష్యం తయారుచేశాను.

గొప్పగా వచ్చింది. ఈ రూటులో అంత గొప్ప సాక్ష్యం పుట్టలేదు. చిన్నప్పుడు అడవిలో విప్పపువ్వు ఏరుతుంటే ఆమెను నాగుపాము కరుస్తుంది. నోట నురగలు. ప్రాణం పోతుంది. ఊరంతా ఏడుస్తుంటే ఆకాశంలో వెలుగు. అంతలో అడవిలోంచి పులి వస్తుంది. జనం చెల్లాచెదురు. పులి వచ్చి ఆమె ముందు మోకాళ్ళ మీద...

"ఆగు," అంది. గోంగూర ఆకు తుంచుతోంది. "గా పులి ఎందుకొచ్చింది?"

"సాక్ష్యమన్నంక పులి ఉండాలె."

"నేను పులిని చూడలే."

"నువ్వు సచ్చిపోయి ఉన్నవ్ గదనే, ఎట్ల చూస్తవ్?"

"మరి సచ్చినోళ్ళకు పులి వచ్చినట్టు ఎట్ల తెలుస్తది?"

ఇన్నేళ్ళలో జీపులో ఎవడూ నన్నిలా పట్టుకోలేదు. "ఎవరడుగుతరే గివన్నీ?"

"దేవుడు అడుగుతడు."

పులిని వదులుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఆమెకు వేరే దారీ లేదు. నేర్చుకోవడం మొదలుపెట్టింది. గిన్నెలు తోముతూ గొణుక్కునేది. నేను చెవి ఒగ్గి వినేవాణ్ణి. మొదట్లో పులి పులిలాగే ఉంది. తర్వాత్తర్వాత దూరంగా పోయేది, ఒకనాడు చెట్ల వెనకే ఉండిపోయింది, ఇంకోనాడు అడవిపిల్లి అయ్యింది. ఆ వారాంతానికి పాము కూడా కరవకుండా పక్కనుంచి పోయింది. ఇక అక్కణ్ణుంచి ఆమె గొణగడమే మానేసింది. గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు. 

బాప్తిస్మం రెండు రోజుల్లో ఉందనగా పాస్టరుగారు ఇంటికొచ్చాడు. చాలామంది ఆ రోజున కొత్త పేరు పెట్టుకుంటారు. "నువ్వేమైనా పేరు అనుకున్నావా అమ్మా?" అని అడిగాడు. బైబిలు పేర్లలో ఘనమైనది ఒకటి నేను అప్పటికే ఎంచి పెట్టాను, రెండు సార్లు ఊపిరి తీసుకుంటే గానీ పలకలేనిది. నోరు తెరిచాను. ఆమె ముందే అంది.

"ఉన్న పేరు మా అమ్మ పెట్టింది. గదే ఉంటది."

"మంచిదమ్మా. అదే ఉంచుదాం," అన్నాడాయన. నేను నోరు మూశాను. నాకంటే ముందు ఆమె జవాబు చెప్పడం అదే మొదలు.

ఆ రోజు పొద్దున ఆమె తెల్లచీర కట్టుకుని, బొట్టు లేకుండా గదిలోంచి బయటికి వచ్చింది. బాప్తిస్మానికి తెల్లబట్టలు కట్టుకుంటారని తెలిసినా, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. మా తల్లాడ వైపు ఆడమనిషి ఆ వేషంలో కనిపిస్తే మొగుడి ఫొటోకు దండ వేశారని అర్థం.

"నేను బతికుండంగ తెల్లచీర ఏందే?"

"నువ్వు బతికున్నట్టు ఊరందరికి ఎరుకే. నీ నోరు ఆగితె గద."

గోదావరి రేవులో యాత్రికుల స్నానాలుంటాయని, వాళ్ళకు అడ్డం కావద్దని పాస్టరుగారు చర్ల రోడ్డులో లోపలికున్న ఒక వాగు చూసిపెట్టాడు. జీపు నాదే. వెనక ఆడవాళ్ళు, డోలక్, అన్నం గిన్నెలు. ముందు సీట్లో గూడెం నుంచి వచ్చే ఒక ముసలవ్వ, మా ఆమెకు వరసకు పెద్దమ్మ. నేను గేరు మార్చినప్పుడల్లా నా మోచెయ్యి తగిలి తిట్టేది.

"అల్లుడా, ఇయ్యాల నీ ఎలుగుబంటి రాలేదా?"

"నువ్వు కూసున్నవ్ గదా అవ్వా, దాని సీట్ల."

జీపంతా నవ్వింది. మా ఆమె నవ్వలేదు. పెదాలు బిగించుకుని బయటికి చూస్తోంది. పత్తి చేలు పోయాయి, అడవి వచ్చింది. అద్దంలో ఆమె మొహం చూస్తూ రెండు గుంతలు తప్పించలేకపోయాను.

వాగులో నీళ్ళు నడుము దాకా ఉన్నాయి, అడుగున ఇసుక కనిపించేంత తేటగా. ఒడ్డున పాట పాడారు. ఆమెకంటే ముందు ఒక కుర్రాడు సాక్ష్యం చెప్పాడు, తాగుడు మానేశానని. ఒక పెద్దమనిషి తమ్ముడితో తగువు మానేశానని చెప్పాడు. ఇద్దరూ మునిగి లేచారు. తర్వాత ఈమె వంతు.

ఒడ్డున నిలబడింది. రెండు చేతులూ చీర కొంగులో చుట్టేసుకుంది. అందరూ చూస్తున్నారు.  పాస్టరుగారు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఓపికగా ఎదురుచూశాడు. ఆమె పెదాలు కదిలాయి, మాట రాలేదు. మళ్ళీ కదిలాయి. సంఘం పెద్దల్లో ఒకాయన పాస్టరుగారి వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. పాస్టరుగారు "పర్లేదమ్మా..." అన్నాడు, ఆ మాట "వచ్చే ఏడు" అనే వైపు పోతోందని నాకు అర్థమయ్యింది.

నేను ఆగలేకపోయాను. చెప్పులతోనే ముందుకు పోయి, గొంతు సవరించుకున్నాను.

"అయ్యగారూ, ఆమె ఏమంటున్నదంటే, చిన్నప్పుడు ఒకనాడు అడవిల..."

ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వు ఆగు."

గట్టిగా అనలేదు. కోపంగా కూడా అనలేదు. ఆగాను. ఎక్కడున్నవాణ్ణి అక్కడే, ఒక కాలు నీళ్ళలో, ఒక కాలు ఒడ్డున. అప్పుడామె చేతులు కొంగులోంచి తీసి, జనం వైపు తిరిగి చెప్పింది.

"నాకు చిన్నప్పటి సంది ఒకటే మాట నేర్పిన్రు. ఎవరడిగినా తెల్వదు అనుమన్నరు. అన్న. కడుపు నొప్పి లేస్తె తెల్వదన్న. ఆకలైతె తెల్వదన్న. అనంగ అనంగ నాకు నిజంగనే ఏం తెల్వకుంట అయ్యింది. నేను ఎవరో గూడ తెల్వకుంట అయ్యింది. దేవుని తాన కూసున్నప్పుడు మాత్రం నన్ను ఎవ్వరు అడగలే. అడగకుంటనే ఆయన వినుకుంట ఉన్నడు. ఇయ్యాల ఎవరన్న అడిగితె చెప్త. నాకు తెలుసు. మా ఆయన అబద్ధాలు బాగ చెప్తడు, గని మంచోడు. గంతే."

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, మధ్యలో నవ్వింది కూడా. గూడెం ఆడవాళ్ళు గట్టిగా "ఆమెన్" అన్నారు. పాస్టరుగారు చెయ్యి చాచాడు. ఆమె నీళ్ళలోకి నడిచింది, నా పక్కనుంచే, నన్ను చూడకుండా. "నమ్ముతున్నావా అమ్మా?" అంటే "అవ్" అంది. వెనక్కి వాల్చి ముంచారు. ఆ ఒక్క క్షణం నీళ్ళ మీద ఆమె జాడ లేదు, తెల్లచీర అంచు మాత్రం తేలింది.  లేచింది. ముక్కులోకి నీళ్ళు పోయి దగ్గింది, తుమ్మింది, జుట్టు మొహం మీంచి తోసుకుంది. అప్పుడు నా వైపు చూసి అంది, "చలిపెడ్తంది, తువ్వాల తే."

తెచ్చాను. ఎవరూ ఏమీ అడక్కుండానే తెచ్చాను.

వచ్చేటప్పుడు ముందు సీటు ఆమెది. రోడ్డు మీద పోలీసు క్యాంపు దగ్గర జీపు ఆపారు. మామూలే, రోజూ ఆపుతారు. కొత్తగా వచ్చిన కానిస్టేబులు, ఇంకా మీసం సరిగ్గా రానివాడు, లోపలికి తొంగి చూశాడు. తెల్లచీర, బొట్టు లేని నుదురు, కారుతున్న తడి జుట్టు. పాపం, వాడి మొహం మారిపోయింది. టోపీ తీశాడు.

"ఎవరమ్మా పోయింది? ఎప్పుడు జరిగింది?"

 యూనిఫారం వేసుకున్నవాడు అడిగితే ఆమె ఏమంటుందో నాకు తెలుసు, పెళ్ళినాటి నుంచీ వింటున్నాను. నేను జవాబు చెప్పడానికి తల బయటికి పెట్టాను. నా మోకాలి మీద ఆమె చెయ్యి పడింది.

"ఎవ్వరు పోలే సార్," అంది, వాడి కళ్ళలోకి చూస్తూ. "నేనే ఇయ్యాల పుట్టిన. నా మొగుడు గిదిగో, స్టీరింగు పట్టుకొని ఉన్నడు. తల తడిగుంది, జల్ది పంపియ్యి."

వాడు నన్ను పైనుంచి కింద దాకా చూశాడు, బతికే ఉన్నానా అని. టోపీ పెట్టుకుని గేటు ఎత్తాడు. భద్రాచలం వచ్చేదాకా వెనక నవ్వు ఆగలేదు. ఈసారి ఆమె కూడా నవ్వింది, నేను బురదలో పడకుండానే.

ఆ తర్వాత మా ఇంట్లో పెద్దగా ఏమీ మారలేదు. పటాలు గోడకే ఉన్నాయి, ఆమె ఆదివారం పోతూనే ఉంది. దవాఖానాకు పోయినప్పుడు మాత్రం డాక్టరమ్మ ఎదుట కుర్చీలో తనే కూర్చుని, "గిక్కడ, పక్కటెముక కింద, తింటె లేస్తది" అని చెబుతుంది. నేను బయట బల్ల మీద కూర్చుంటాను. బల్ల మీద నా పక్కన కూర్చున్నవాళ్ళకు ఎలుగుబంటి కథ చెబుతాను.

ఇక ఒప్పుకోవాల్సింది ఒకటుంది.

వాగు, తెల్లచీర, పులి కోసం మేం పడ్డ తగువు, అన్నీ జరిగినవే. కానిస్టేబులుకు ఆమె చెప్పిన మాటను నేనే అల్లానని చాలామంది అంటారు. అంత మంచి మాట అల్లే శక్తి నాకుంటే జీపు ఎందుకు తోలతాను? నేను కల్పించింది ఒకటే. ఆమె సాక్ష్యం.

"నువ్వు ఆగు" అన్నది తెలుగులోనే. అది నాకు చెప్పింది కాబట్టి. ఆ తర్వాత జనం వైపు తిరిగి చెప్పిందంతా కోయ భాషలో. గడగడా, ఎక్కడా తడబడకుండా, చేతులు తిప్పుతూ, ఒకచోట గొంతు తగ్గించి, ఒకచోట నవ్వించి. అంతసేపు ఆమె మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. పక్కనే, ఒక కాలు నీళ్ళలో పెట్టుకుని నిలబడి, ఒక్క ముక్క అర్థం కాక విన్నాను. పాస్టరుగారికీ అర్థం కాలేదు. భోజనాలప్పుడు అడిగితే, "నాకూ తెలియలేదు బ్రదర్. వినాల్సినాయన విన్నాడు, ఇంక నేనెవణ్ణి ఆపడానికి?" అన్నాడు. నేను పైన రాసిన తెలుగంతా, ఆమె ఇలా చెప్పి ఉంటుందని నేను అనుకున్నది.

అవ్వనడిగాను, ఏం చెప్పిందని.

"మంచిగ చెప్పింది అల్లుడా."

"నా గురించి ఏమన్నదా?"

అవ్వ నన్ను జాలిగా చూసింది. "నీ గురించి ఏముంది బిడ్డా, చెప్పేటందుకు?"

కాబట్టి "గని మంచోడు" అన్న ముక్క పూర్తిగా నాదే. దాన్ని కొట్టేసి చదువుకోండి.

మా ఆమెనే నేరుగా అడిగాను, ఒకసారి కాదు. చెప్పదు. కిందటిసారి అడిగినప్పుడు చేతిలో పని ఆపి నా వైపు తిరిగింది.

"నీ భాష నేను నేర్చుకున్న. నా భాష నువ్వు ఎన్నడన్న అడిగినవా? నేర్చుకో, చెప్త."

నేర్చుకుంటున్నాను. ఈ వయసులో నాలుక తిరగదు. మంచినీళ్ళను వాళ్ళు ఏరు అంటారట. నాకేమో ఏరంటే వాగు. కుండ దగ్గర నిలబడి ఆ మాటంటే, మొత్తం వాగునే అడుగుతున్నట్టు సిగ్గుగా ఉంటుంది. పలకడం తప్పని దిద్దుతుంది, దిద్ది గ్లాసు నింపి ఇస్తుంది. నా వరస చూస్తే, అర్థం చేసుకునేంత భాష నాకు వచ్చేసరికి ఆమె చెప్పింది ఆమే మర్చిపోతుందేమోనని భయమేసింది. అదే అడిగాను.

"మర్చిపోను," అంది. "నువ్వు నేర్చుకో."